మండపమా, ఇంటి పందిరా? బఫేనా, అరిటాకా? పెళ్ళి పనుల్లో ఏది మేలు

మా తమ్ముడి కూతురికి శ్రావణంలో ముహూర్తం కుదిరింది. లగ్నపత్రిక రాసుకున్న మర్నాడే వాడు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు రెండు పెళ్ళిళ్ళు చేశావు. ఒకటి మండపంలో, ఒకటి ఇంటి దగ్గర. ఏది మేలో నువ్వే చెప్పు" అన్నాడు. ఫోన్‌లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. కోనసీమలోనో, ఏటికి అవతల పాలకొల్లు, నరసాపురం వైపో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ పనికొస్తుంది.

మా పెద్దమ్మాయి పెళ్ళి 2019 ఫాల్గుణంలో టౌనులో ఏసీ కల్యాణ మండపంలో, బఫే భోజనంతో చేశాం. చిన్నమ్మాయిది 2023 వైశాఖంలో ఇంటి ముందు కొబ్బరాకు పందిట్లో, అరిటాకు బంతులతో. రెండింటికీ వచ్చినవాళ్ళు ఇంచుమించు ఆరేసి వందల మంది.

ముందు భోజనం సంగతి చెప్తాను. మన వైపు పెళ్ళి అయిపోయాక నెలల తరబడి జనం చెప్పుకునేది దాని గురించే కదా.

బఫేలో సుఖం లేదని అనను. ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు వెళ్ళి తింటారు. వెనక కుర్చీ పట్టుకుని ఎవరూ కాచుకోనక్కర్లేదు. వడ్డించే కుర్రాళ్ళు దొరక్క టెన్షన్ పడే పని లేదు. ముహూర్తం అర్ధరాత్రి పడితే ఇది ఎంత ఉపకారమో చేసినవాళ్ళకి తెలుస్తుంది. కానీ మన వంటలు నిలబడి తినే వంటలు కావు. పూర్ణం బూరె చూడండి. ఆకులో పడగానే బొటనవేలితో నడిమధ్య చిల్లు పొడుస్తాం. "నెయ్యి" అని పిలిస్తే కుర్రాడు వంగి గరిటెడు నెయ్యి అందులో పోస్తాడు. వేడి పూర్ణంలోకి నెయ్యి దిగేదాకా ఒక్క క్షణం ఆగి అప్పుడు తుంచుతాం. బఫేలో ఒక చేతిలో ప్లేటు ఉంటుంది, నెయ్యి ఇరవై అడుగుల అవతల కౌంటర్ మీద ఉంటుంది. పెద్దమ్మాయి పెళ్ళిలో చాలామంది బూరెను పొడిగానే తిన్నారు. మా అత్తగారు ప్లేటు ఒళ్ళో పెట్టుకుని పప్పూ అన్నం మాత్రం తిని లేచిపోయారు. ఇంటి పెద్దావిడకి ఆ పూట ఎవరం వడ్డించలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పనసపొట్టు కూరది ఇంకో కథ. లేత పనసకాయ జిగురు అంటకుండా చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, సన్నగా పొట్టు కొట్టి, ఉడికించి, నీళ్ళు పిండేసి, పోపులో వేస్తారు. పొయ్యి మీంచి దించి, వేడి తగ్గాకే ఆవపిండి ముద్ద కలపాలి. వేడి మీద కలిపితే ఆవ ఘాటు పోయి చేదు మిగులుతుంది. వంటాయన సరిగ్గానే చేశాడు. అయితే బఫేలో కింద మంట పెట్టిన ట్రేలో గంటసేపు ఉన్నాక కూర చేదెక్కింది. చిన్నమ్మాయి పెళ్ళికి అదే వంటాయన, అదే కూర. పెరట్లో గాడిపొయ్యి మీద వండి, ఏ బంతికి ఆ బంతికి ఆవ కలిపి పంపాడు. ఆ రోజు రెండోసారి అడిగి వేయించుకోనివాళ్ళు తక్కువ.

బంతి భోజనానికి కష్టం ఉంది, అది దాచను. రెండు వందల కుర్చీలు వేసినా ఆరు వందల మందికి మూడు బంతులు, బంతికి ముప్పావు గంట. అంటే రెండుంపావు గంటలు. మూడో బంతివాళ్ళు ఆకలికి ఆగలేరు. మేము పందిరి పక్కన పనస తొనలు, కొబ్బరి బొండాలు, చిన్న గ్లాసుల్లో మజ్జిగ పెట్టాం. దాంతో ఎవరూ విసుక్కోలేదు. వరసకి ఇద్దరు వడ్డించేవాళ్ళు తప్పనిసరి, వాళ్ళకి ఆకు కొస తినేవాళ్ళ ఎడమ చేతివైపు ఉండాలన్న సంగతి కూడా తెలిసుండాలి. ఆకులకి రావులపాలెం మార్కెట్ ఉంది కాబట్టి మన జిల్లాలో ఎవరికీ బెంగ లేదు, ముందు చెప్పుకుంటే చాలు. వృథా అంటారా, రెండిట్లోనూ ఉంది. బఫేలో జనం ఒకేసారి ఎక్కువ పెట్టుకుంటారు, బంతిలో వడ్డించేవాళ్ళు అడక్కుండా వేసేస్తారు. రెండో బంతి నుంచి స్వీటు ఒక్కటే వేసి, మళ్ళీ కావాలంటేనే వేయమన్నాను. ఆకుల్లో మిగిలేది బాగా తగ్గింది. ఆ ఆకులు గేదెల కొట్టానికి వెళ్ళాయి.

నా మాట ఇది: ముహూర్తం భోజనం ఆకులోనే. పొద్దున్న టిఫిన్లు, సాయంత్రం రిసెప్షన్ బఫే పెట్టుకోండి. ఇడ్లీ, పెసరట్టు నిలబడి తిన్నా రుచి పోదు. ఐటమ్స్ లెక్క మాత్రం పెంచుకుంటూ పోవద్దు. ముప్పై రకాలు పెట్టిన పెళ్ళిలో ఒక్కటీ గుర్తుండదు. ముద్దపప్పు, ఆవకాయ, కంద బచ్చలి, పులిహోర, బూరె, ముక్కల పులుసు, గడ్డ పెరుగు. ఇవి బాగా కుదిరితే చాలు.

ఇక అలంకరణ. పెద్దమ్మాయి పెళ్ళికి డెకరేషన్‌వాళ్ళు థర్మాకోల్ ఏనుగులు, ప్లాస్టిక్ పూల గోడ పెట్టారు. ఫోటోల్లో బాగానే పడ్డాయి. మర్నాడు ఆ థర్మాకోల్ ముక్కలు మండపం వెనక కాలువలో తేలుతుంటే చూడలేకపోయాను. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. స్వీటు పెట్టెలకీ శుభలేఖలకీ చుట్టే ప్లాస్టిక్ కవర్లూ ఆ జాబితాలోనే ఉన్నాయి. డెకరేషన్‌వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ మాట ముందే అనెయ్యండి. పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి కూడా మట్టిలో కలిసేది కాదు. దాని బదులు అరటి బోదె ముక్కలు కోసి వాటిలో గుచ్చమంటే పూలు ఆ తడికే తాజాగా ఉంటాయి.

చిన్నమ్మాయికి కొబ్బరాకు పందిరి, గుమ్మానికి రెండు వైపులా గెలలున్న అరటి చెట్లు, మావిడాకుల తోరణాలు. పూలు కడియపులంక మార్కెట్ నుంచి తెప్పించాం. రాత్రి ముహూర్తం కాబట్టి మల్లెలు మధ్యాహ్నం మొగ్గలుగానే కట్టించాం. జీలకర్ర బెల్లం వేళకి పందిట్లో అవి ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలైంది. తెర తీసేసరికి పందిరంతా మల్లెల వాసన. ఏ ఖర్చు పెట్టినా ప్లాస్టిక్ పూలతో అది రాదు. ప్లాస్టిక్ పూలకి వాడిపోయే బాధ లేదు, అంతే. మే ఎండకి గులాబీలు, లిల్లీలు నాలుగైదు గంటల్లో వేలాడిపోతాయి. బంతిపూలు మాత్రం మర్నాటికీ నిలబడతాయి. అందుకని గుమ్మాలకి, స్తంభాలకి బంతి, పెళ్ళిపీటల చుట్టూ మాత్రం మల్లె పెట్టుకుంటే డబ్బూ కలిసొస్తుంది.

పందిరికి ఉన్న భయాలు రెండు. ఒకటి నిప్పు. గాడిపొయ్యి పందిరికి దూరంగా, గాలి వాలు చూసి తవ్వించాలి, పక్కన నీళ్ళ డ్రమ్ములు పెట్టాలి. రెండోది గాలివాన. ముహూర్తానికి ముందురోజు సాయంత్రం గాలి లేచి పందిరి ఒక పక్క ఒరిగిపోయింది. చుట్టుపక్కల ఇళ్ళ మగపిల్లలంతా వచ్చి రాత్రి పదకొండింటి దాకా రాటలు మళ్ళీ పాతారు. మండపంలో ఈ బాధ లేదు, కానీ అక్కడ వేరే బాధ పడ్డాం. సాయంత్రం ఇంకో పెళ్ళి ఉందని మేనేజరు అప్పగింతల మధ్యలో వచ్చి, గదులు ఖాళీ చేయమన్నాడు. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ ఉంటే పక్కన కుర్చీలు మడుస్తున్న చప్పుడు.

మన గుర్తుగా ఉండే చిన్న చిన్న వాటి దగ్గర ఎక్కువ ఖర్చు అక్కర్లేదు, ఎక్కువ ముందుచూపు కావాలి. భద్రాద్రి రాములవారి కల్యాణానికి కోరుకొండ వైపు భక్తులు ఏటా వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు పంపుతారు. అది చూసి మా వీధి ఆడవాళ్ళం పది రోజుల పాటు మధ్యాహ్నాలు కూర్చుని, మా చేలో దాళ్వా (రెండో పంట) వడ్లే గోటితో ఒలిచాం. దోసెడు బియ్యం వచ్చాయి. వాటిని మిగతా తలంబ్రాల్లో కలిపాం. అడ్డుతెరకి తెల్ల నేతగుడ్డ కొని, అంచుకి నరసాపురం లేసు కుట్టించాం. పెద్దమ్మాయికి అద్దెకి తెచ్చిన జరీ తెర మర్నాడే వెనక్కి వెళ్ళిపోయింది. ఈ తెర మాత్రం మా చిన్నదాని బీరువాలో ఉంది. ఉప్పాడ జాందానీ చీర కావాలంటే మగ్గం మీద నేయడానికి టైము పడుతుంది, ముహూర్తం అనుకోగానే చెప్పాలి.

శుభలేఖల మీద పెద్దగా చెప్పేది లేదు. దూరం వాళ్ళకి వాట్సాప్ చాలు. దగ్గర వాళ్ళ ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి, దానికి బదులు ఏదీ లేదు.

రిటర్న్ గిఫ్టులకి పెద్దమ్మాయి పెళ్ళికి స్టీలు డబ్బాలు ఇచ్చాం. చిన్నమ్మాయికి ఆత్రేయపురం పూతరేకులు. వాటికి 2023లోనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎండాకాలం కాబట్టి రేకు కరకరలాడుతూ ఉంది. ఊళ్ళోవాళ్ళకి కడియం నర్సరీ నుంచి మల్లె మొక్కలు ఇచ్చాం. బస్సుల్లో, రైళ్ళలో వెళ్ళేవాళ్ళకి మాత్రం మొక్క ఇవ్వకండి, దారిలోనే వదిలేస్తారు.

ఇప్పుడు మా తమ్ముడి పెళ్ళి సంగతి. నా మనసు పందిరి వైపే ఉంది. అయినా వాడికి మండపమే తీసుకోమంటున్నాను, ఎందుకంటే అది శ్రావణం. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. గోదారి పొంగితే లంకల్లో ఉన్న మన చుట్టాలు కాజ్‌వేలు మునిగి ఆగిపోతారు. అందుకని టౌనులో, ముందురోజే వాళ్ళు వచ్చి పడుకోవడానికి గదులున్న మండపం చూడాలి. లేత పనసకాయ అప్పటికి దొరకదు, కంద బచ్చలి పెట్టుకోవాలి. మల్లెల కాలం అయిపోతుంది. వరలక్ష్మీ వ్రతం వారం పూల ధరలు మండిపోతాయి కాబట్టి ముహూర్తం ఆ శుక్రవారానికి దగ్గరైతే బంతి, మావిడాకు, అల్లిన కొబ్బరాకు చిలకలతోనే సరిపెట్టాలి. తేమకి పూతరేకు మెత్తబడిపోతుంది, తాపేశ్వరం మడత కాజా అయితే ప్రయాణానికీ ఆగుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు మేనేజరుని మూడు మాటలు అడగరా తమ్ముడూ. మన వంటాయన్ని వండనిస్తారా, బల్లలు వేసి ఆకుల్లో వడ్డించనిస్తారా, ఆ రోజు ఇంకో పెళ్ళి ఒప్పుకున్నారా. మూడోదానికి అవునంటే ఇంకో మండపం చూసుకో. వడ్లు నేను పంపిస్తాను, పిల్ల చేత కూడా నాలుగు గింజలు ఒలిపించు.