మడత మావు: తిలాపియాకి సరే, దెయ్యం చేపకి సగమే

చెన్నై వలల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ఆకుపచ్చ మడత మావు, అంటే చేప లోపలికి వచ్చాక బయటికి పోలేని వల బోను గురించి ఇది. ఐదు మీటర్ల రకం. చదరపు ఇనుప చట్రాలు, వాటి మీద నైలాన్ వల, రెండు పక్కలా లోపలికి దారిచూపే గొంతులు, రెండు చివర్లా జిప్పున్న తోకసంచులు. వండుకునే చేపల కోసం తయారైన సరుకే అయినా, చెరువుల అలుగు కాలువల్లో, వాగు మడుగుల్లో తిలాపియా, దెయ్యం చేప (అక్వేరియంలో పెంచే సక్కర్ చేప) లాంటి పరాయి చేపల్ని ఏరివేయడానికీ చాలామంది దీన్నే కొంటున్నారు.

అమ్మేవాళ్లు మావుని పూర్తిగా ముంచి రాత్రంతా వదిలేయమంటారు. అలా చేస్తే ముందు చచ్చేవి మన చేపలే. కొర్రమీను, మట్టగిడస మాటిమాటికీ పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. ఆ దారి లేకపోతే నీళ్లలోనే ఊపిరాడక పోతాయి. తాబేళ్లు, నీటిపాములూ అంతే. దెయ్యం చేప మాత్రం మొప్పలతోనే నెట్టుకొస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడే పైకొచ్చి గాలి మింగి పొట్టతో పీల్చుకుంటుంది. అంటే తెల్లారేసరికి కాపాడాల్సినవి చచ్చి, తీసేయాల్సింది బతికుంటుంది.

దీనికి మందు చవకే. మూత బిగించిన లీటరు ఖాళీ సీసా ఒక్కొక్కటి రెండు తోకసంచుల్లోనూ పెట్టండి. సంచి పైభాగం జానెడు నీటిపైన తేలాలి. రాయి తోకసంచికి కట్టకూడదు, దాని పక్కనున్న మొదటి చట్రానికి కట్టాలి. చీకటి పడ్డాక వేసి, నడిరేయి ఒకసారి చూసి, తెల్లవారగానే తీసేయాలి. అన్ని గంటలు కాపలా ఉండలేకపోతే ఆ రాత్రి వేయకండి.

తిలాపియాకి మావు బాగా పనిచేస్తుంది. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియాలో తల్లి గుడ్లనీ పిల్లల్నీ నోట్లో పెట్టుకుని కాస్తుంది. పట్టుబడి బెదిరితే ఉమ్మేస్తుంది. మావుని గట్టు మీదికి ఈడిస్తే తల్లి చేతికొస్తుంది, పిల్లలు వలకంతల్లోంచి మళ్లీ కాలువలోకే జారిపోతాయి. అందుకే సంచి నీళ్లలో ఉండగానే కింద వెడల్పాటి టబ్బు దూర్చి రెండూ కలిపి ఎత్తాలి. ఎరగా తవుడు, వేరుశనగ చెక్క ఉండలు చాలు. గుప్పెడు మించితే మన చిన్న చేపలైన పరిగెలు కూడా గుమిగూడతాయి.

దెయ్యం చేప సంగతి వేరు. అక్వేరియం అద్దాలు నాకుతుందని కొని, పెద్దదయ్యాక చెరువులో వదిలేసిన దక్షిణ అమెరికా చేప ఇది. కృష్ణా జిల్లా వైపు రాకాసి చేప అని కూడా అంటారు. పాచి, బురద తింటుంది కాబట్టి ఎరకి ఆశపడి రావడం తక్కువ. దోసకాయ ముక్కలు పెడితే కొంత మేలు. పగలు గట్టు బొరియల్లో ఉండి రాత్రి తిరుగుతుంది. అందుకే మావుని కాలువకి అడ్డంగా కాక, బొరియలున్న గట్టు వెంబడి, అడుగుకి ఆనేలా పరవాలి. అయినా బొరియలో గుడ్లకి కాపలా ఉన్న మగచేప బయటికి రాదు. ఆ బొరియల్ని ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు చేత్తోనే వెతకాలి. మావు వల్ల సగం పనే అవుతుందని చెప్పడానికి కారణం అదే.

పడ్డదాన్ని విడిపించడం ఇంకో తంటా. వీపు ముల్లు, పక్క ముళ్లు విచ్చుకుని వలకంతల్లో బిగుసుకుంటాయి. వెనక్కి లాగితే వల చిరుగుతుంది, అరచెయ్యి చీరుకుంటుంది. మందపాటి తోలు గ్లవ్స్ వేసుకుని, తడి గోనెసంచి కప్పి, ముల్లు చుట్టూ నాలుగు వలకంతలు కత్తిరించడమే మేలు. కోసిన చోట తర్వాత అల్లుకోవచ్చు. గట్టున పడేసి వెళ్లిపోకండి. గంటల తరబడి బతికి, దేక్కుంటూ నీళ్లు చేరుతుంది. తల మీద, కళ్లకి కాస్త పైన గట్టిగా కొట్టి చంపి, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి.

తయారీలో లోపాలున్నాయి. జిప్పులోకి ఇసుక పోతే కదలదు. విప్పేసి నైలాన్ తాడుతో కట్టుకోండి. గొంతుల్ని నిలబెట్టే దారాలు వదులుగా వస్తాయి. కొత్తదాన్ని వేసే ముందు ప్రతి గొంతూ బిగువుగా ఉందో లేదో చూడండి, లేకపోతే వచ్చిన చేప వచ్చిన దారినే పోతుంది. చట్రాల అతుకుల దగ్గర రంగు ఊడి తుప్పు పడుతుంది. చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే ముఖద్వారం లాంటి ఉప్పునీటి చోట్లయితే మరీ త్వరగా.

మత్స్యశాఖ అనుమతి లేకుండా వేయకూడదు. కాలువలో మందు కలపడం సులువనే సలహాలు వినకండి. 1897 నాటి ఫిషరీస్ చట్టం నీళ్లలో విషం కలిపి చేపల్ని చంపడాన్ని నేరమంటుంది, పైగా ఆ విషం పరిగెనీ వదలదు. ఈశాన్య రుతుపవనాలకి ముందే, అంటే సెప్టెంబరు చివరికల్లా, అన్ని మావులూ లెక్కపెట్టి బయటికి తీయండి. వరదలో కొట్టుకుపోయిన మావు ఏ మడుగులోనో పడి చేపల్ని చంపుతూనే ఉంటుంది. ప్రతిదానికీ పొడవాటి తాడు కట్టి చెట్టు వేరుకి ముడివేయడం, నంబరు బిళ్ల తగిలించడం ఇందుకే. ఇంటికి తెచ్చాక మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఎండాకే మడవండి. తడి వలలో అంటుకున్న గుడ్లు ఇంకో చెరువు చేరకుండా ఉంటాయి.