ఎస్‌ఎమ్‌13 రివ్యూ: నంబరు వచ్చింది, డాక్యుమెంట్ రాలేదు

కంపెనీల లెక్కలు, స్టాకు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా అక్కరకొచ్చే స్క్రీన్ ఏదని అడిగితే, మధ్యలో ఆగిపోయిన అప్‌డేట్లను చూపించే ఎస్‌ఎమ్‌13 పేరే చెబుతాను. చూడటానికి అందమేమీ ఉండదు. కానీ "సేవ్ చేస్తే నంబరు వచ్చిందండీ, ఇప్పుడు వెతికితే అలాంటి డాక్యుమెంటే లేదంటోంది" అని అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేస్తే నేను ముందు తెరిచేది దీన్నే.

సేవ్ నొక్కగానే డాక్యుమెంట్ నేరుగా అసలు టేబుల్స్‌లోకి వెళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. స్క్రీన్ నంబరు తీసుకుని, రాయాల్సిన డేటాను వీబీహెచ్‌డీఆర్, వీబీమాడ్, వీబీడేటా అనే టేబుల్స్‌లో పెట్టి, మనకు నంబరు చూపించి తన పని అయిందనుకుంటుంది. అక్కడినుంచి అప్‌డేట్ ప్రాసెస్ ఆ డేటాను అసలు టేబుల్స్‌కి ఎక్కిస్తుంది. ముందు వీ1, అంటే డాక్యుమెంట్ వగైరా ముఖ్యమైనవి. తర్వాత వీ2, అంటే స్టాటిస్టిక్స్ లాంటివి. వీ1 మధ్యలో ఆగితే అప్పటిదాకా రాసిందంతా వెనక్కి పోతుంది, నంబరు మాత్రం యూజర్ చేతిలో మిగులుతుంది. అప్‌డేట్ ఆగిపోయిందని ఎక్స్‌ప్రెస్ మెసేజ్ కూడా వస్తుంది. దాన్ని చదవకుండా మూసేయడం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే.

అలా ఆగిపోయినవన్నీ ఎస్‌ఎమ్‌13లో దొరుకుతాయి. యూజర్ గడిలో స్టార్ పెట్టి, తేదీ కాస్త వెనక్కి జరిపి చూడాలి. మన పేరు అలాగే వదిలేసి చూస్తే ఖాళీ లిస్టు వస్తుంది, "ఏ సమస్యా లేదు" అని టికెట్ మూసేసే ప్రమాదముంది. ఎర్రర్ ఉన్న వరసను తెరిస్తే ఏ ఫంక్షన్ మాడ్యూల్ (కోడ్ ముక్క) దగ్గర ఆగిందో తెలుస్తుంది, అక్కడినుంచి ఎస్‌టీ22 డంప్‌కి, అంటే ప్రోగ్రామ్ కూలినప్పుడు శాప్ రాసిపెట్టే ఎర్రర్ రిపోర్టుకి, వెళ్లొచ్చు.

దీని విలువ నాకు బాగా తెలిసింది ఒక నంబర్ రేంజ్ (డాక్యుమెంట్లకు వరస నంబర్లిచ్చే సెట్టింగు) గొడవలో. టెస్ట్ సిస్టమ్‌లోని రేంజ్‌ని ఎవరో ట్రాన్స్‌పోర్ట్‌లో (మార్పుల్ని ఒక సిస్టమ్ నుంచి మరోదానికి మోసే ప్యాకేజీలో) పెట్టి ప్రొడక్షన్‌కి, అంటే అందరూ పనిచేసే అసలు సిస్టమ్‌కి, పంపేశారు. దాంతో కరెంట్ నంబరు వెనక్కి పోయి, కొత్త డాక్యుమెంట్లకు పాత నంబర్లే రావడం మొదలైంది. ఆ నంబరుతో రికార్డు టేబుల్‌లో ముందే ఉంది కదా, డేటాబేస్ ఒప్పుకోలేదు. డంప్ పేరు శాప్‌ఎస్‌క్యూఎల్_అరే_ఇన్సర్ట్_డూప్‌రెక్. విచిత్రమేమిటంటే యూజర్లు తమకొచ్చిన నంబరు కొడితే ఎప్పటిదో వేరే డాక్యుమెంట్ తెరుచుకునేది. అందుకే టికెట్‌లో "మా ఎంట్రీ మారిపోయింది" అని రాశారు. ఆ మాట పట్టుకుని వెళ్లుంటే చేంజ్ లాగ్‌లు తిరగేస్తూ రోజంతా గడిచిపోయేది. ఎస్‌ఎమ్‌13లో ఒకే మాడ్యూల్ పేరుతో వరసగా ఎర్రర్లు చూసేసరికి సంగతి తేలిపోయింది.

అయితే ఇది అన్నిటికీ మందు కాదు. బయటి ప్రోగ్రామ్ బాపీ (బయటి ప్రోగ్రామ్‌లు పిలవడానికి శాప్ ఇచ్చే ఫంక్షన్) ద్వారా డాక్యుమెంట్ సృష్టించి, చివర దాన్ని ఖాయం చేసే బాపీ_ట్రాన్సాక్షన్_కమిట్ పిలవలేదనుకోండి. నంబరు వస్తుంది, సక్సెస్ మెసేజ్ వస్తుంది, టేబుల్‌లో ఏమీ పడదు. ఎస్‌ఎమ్‌13 కూడా ఖాళీయే. ఇంటర్‌ఫేస్ ద్వారా వచ్చిన డాక్యుమెంట్లే మాయమవుతుంటే నేను నేరుగా కోడ్ అడుగుతాను. రాసినవాళ్లకు కోపం వస్తుంది, అది వేరే విషయం.

ఇంకొన్నిసార్లు రికార్డు ఎక్కడికీ పోదు, మనమే సరిగ్గా అడగం. కస్టమర్ నంబరు 100234 అయితే టేబుల్‌లో ఉండేది 0000100234. టేబుల్స్ చూసే ఎస్‌ఈ16ఎన్ స్క్రీన్ ఆ సున్నాలు తానే చేర్చుకుంటుంది. మనం రాయించుకున్న కస్టమ్ ప్రోగ్రామ్‌లోని సెలెక్ట్ (డేటా వెతికే ఆదేశం) చేర్చుకోదు, "రికార్డు లేదు" అనేస్తుంది. వేరే క్లయింట్‌లో (అదే సిస్టమ్‌లో విడిగా ఉండే డేటా భాగంలో) లాగిన్ అయి వెతికినా అదే జవాబు. ఈ రెండూ చూసుకోవడానికి నిమిషం కూడా పట్టదు, కాబట్టి టెన్షన్ పడేముందు అవి చూసుకోండి.

నాకు నచ్చనిది ఒక్కటే: అప్‌డేట్‌ని మళ్లీ నడిపించే ఆప్షన్ అంత అందుబాటులో ఉండటం. వీ2 ఆగితే మళ్లీ నడపొచ్చు. ఆగిన వీ1ని అలా నడపడం మాత్రం పెద్ద రిస్కు. అప్పటికి వేరేవాళ్లు మార్చకుండా ఆపే లాక్‌లు పోయుంటాయి, స్టాకో బ్యాలెన్సో మారిపోయుంటుంది, పాత డేటా కొత్తదాని మీద పడుతుంది. కారణం సరిచేసి యూజర్ చేత మళ్లీ ఎంట్రీ చేయించడమే మేలు. ఆడిటర్లు నంబర్ల మధ్య ఖాళీ ఎందుకొచ్చిందని అడిగితే ఆర్‌ఎఫ్‌వీబీఈఆర్00 రిపోర్టు ఉంది, ఆగిపోయిన పోస్టింగులు చూపిస్తుంది.

మొత్తానికి అయిదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఒకటి ఆ ఆప్షన్‌కే. వాడేవాళ్లకు ఒక్క మాట: ఆర్‌డిస్ప్/వీబీడిలీట్ పారామీటర్ డిఫాల్ట్ 50 రోజులు, అంతకన్నా పాత రికార్డులు తుడిచిపెట్టుకుపోతాయి. ఎస్‌టీ22 డంప్‌లను చాలాచోట్ల ఇంకా ముందే తీసేస్తారు. నెలాఖరు క్లోజింగ్‌లో బయటపడిన ఎర్రర్‌ని ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి టికెట్‌కి జతచేయండి.