జెర్రీ బ్రౌన్: తొలి ఇన్నింగ్సా, రెండోదా?

కాలిఫోర్నియా గవర్నర్‌గా జెర్రీ బ్రౌన్ రెండు విడతలు చేశారు: 1975-83, 2011-19. మొదటిసారి వయసు 36, రెండోసారి 72. నాలుగేళ్ల చొప్పున రెండు పర్యాయాలకు మించి గవర్నర్ పదవి కుదరదన్న నిబంధన 1990లో వచ్చింది, పాత పదవీకాలాన్ని అది లెక్కలోకి తీసుకోలేదు. అలా మళ్లీ దారి దొరికింది.

తొలి విడతలో గవర్నర్ భవనం వద్దన్నారు, సాదాసీదా ప్లిమత్ కారులో తిరిగారు. 1975లో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టుకునే హక్కు చట్టం తెచ్చారు. అది గట్టి పని. దెబ్బ తగిలింది ఆస్తి పన్ను దగ్గర. ఇళ్ల ధరలతో పాటు పన్నూ ఎగబాకుతుంటే, ఖజానాలో వందల కోట్ల డాలర్ల మిగులు కదలకుండా ఉంది. జనం 1978లో ఆస్తి పన్నుకు కళ్లెం వేసే ప్రతిపాదన, ప్రపోజిషన్ 13ను ఓటేసి గెలిపించారు. వ్యతిరేకించిన బ్రౌనే దాన్ని అమలుచేసి, మిగులు తీసి స్థానిక సంస్థలను ఆదుకున్నారు. దాని ప్రకారం పన్ను కొన్న ధరపై 1 శాతం, పన్ను లెక్కలో ఇంటి విలువ పెంపు ఏటా 2 శాతం లోపే. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో ఇవాళ ఇల్లు కొన్న తెలుగువాళ్లు పక్కింటి పాత యజమానికంటే ఎన్నో రెట్లు కడుతున్నది ఇందుకే.

రెండోసారి చేతికొచ్చింది 2,500 కోట్ల డాలర్లకు పైగా లోటు. ముందు కోతలు పెట్టి, ఆపైన 2012లో ఓటర్లనే అడిగి పన్ను పెంచారు: అమ్మకపు పన్ను పావు శాతం, నాలుగేళ్లు, పెద్ద ఆదాయాలపై ఏడేళ్లు. 2014లో ఏటా రాబడిలో 1.5 శాతం పొదుపు నిధికి మళ్లించే నిబంధన రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది. దిగిపోయేనాటికి మిగులే. రాష్ట్రంలో తలపెట్టిన హైస్పీడ్ రైలు ప్రాజెక్టు మాత్రం నత్తనడకే.

పాలనకు మార్కులు రెండో ఇన్నింగ్స్‌కే. ఇంటి పన్ను బిల్లులో కనబడేది మొదటిది.