జాగ్రత్త: ‘ఫ్రాస్ట్ అండ్ స్టార్‌లైట్’ నాలుగో నవల అనుకుని కొనకండి

సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ అనే ఫాంటసీ ప్రేమకథల సిరీస్‌లో మూడో భాగం ముగించి, ఆ ఊపులోనే తర్వాతిది ఆర్డర్ పెట్టేయబోతున్నారా? కాస్త ఆగండి. 2018 మేలో వచ్చిన ‘ఎ కోర్ట్ ఆఫ్ ఫ్రాస్ట్ అండ్ స్టార్‌లైట్’ నవలిక మాత్రమే. కొన్ని చోట్ల దీన్ని మూడున్నరో భాగమంటారు, కొన్ని చోట్ల నేరుగా నాలుగో భాగమని వేసేస్తారు. తిరకాసంతా అక్కడే.

మూడో భాగం ‘వింగ్స్ అండ్ రూయిన్’లో 82 అధ్యాయాలు, 700 పేజీల దాకా సరుకుంది. దీంట్లో ఉన్నవి 28 అధ్యాయాలే. వివరాల్లో 272 పేజీలని కనబడినా కథ 230 దగ్గరే అయిపోతుంది. వెనకున్నవి తర్వాతి భాగం రుచి చూపించడానికి ముందుగా అచ్చేసిన పేజీలు. ధర దగ్గర మాత్రం లావు పుస్తకానికీ దీనికీ చాలాసార్లు పెద్ద తేడా ఉండదు.

(ఇక్కడి నుంచి కథ కొంత బయటపడుతుంది. మొదటి మూడూ చదవనివాళ్లు కొనుగోలు సంగతులున్న చివరి రెండు పేరాలకు వెళ్లిపోవచ్చు.)

సన్నగా ఉండటం తప్పేం కాదు. లోపల ఏమీ జరగకపోవడమే అసలు బాధ. శత్రురాజ్యం హైబర్న్‌తో యుద్ధం అయిపోయింది, వెలారిస్ నగరంలో శీతాకాలపు పండుగ వస్తోంది, నాయిక ఫేరా పుట్టినరోజూ ఆ రోజే. ఎవరికి ఏ కానుక కొనాలి అన్న బేరాలతోనే పేజీలు గడిచిపోతాయి. ఫేరా అక్క ఈలేన్, గూఢచారి అజ్రియెల్‌కి తలనొప్పి పొడి కానుకగా ఇస్తుంది, అతను పగలబడి నవ్వుతాడు. ముచ్చటగానే ఉంటుంది. అన్నదమ్ముల్లాంటి ముగ్గురు యోధులు మంచుముద్దలతో కొట్టుకోవడమూ బాగానే ఉంటుంది. కానీ ఒక ముచ్చట తర్వాత ఇంకో ముచ్చట తప్ప ముందుకు లాగే చిక్కుముడి లేదు. రెక్కల యోధులైన ఇల్లిరియన్ల సైనిక శిబిరాల్లో అసంతృప్తి రగులుతోందని నాలుగు మాటలు చెప్పి వదిలేస్తారు. ఫేరా, ఆమె భర్త రీసాండ్‌ల ప్రేమ రెండో భాగంలోనే కుదురుకుంది కాబట్టి ఇక్కడ వాళ్ల మధ్య అడ్డు లేదు, అలక లేదు. అడ్డంకి లేని శృంగార కథకి ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది?

చెప్పే తీరూ అతుకులబొంతే. ఫేరా, రీసాండ్ అధ్యాయాలు ‘నేను’ అంటూ సాగుతాయి. సైన్యాధిపతి క్యాసియన్, రీసాండ్ బంధువు మోర్, ఫేరా పెద్దక్క నెస్టాల దగ్గరికి రాగానే కథనం ‘అతను’, ‘ఆమె’లోకి మారిపోతుంది. ఇంత చిన్న పుస్తకంలో ఐదుగురి వైపు నుంచి చెప్పబోవడంతో ఎవరితోనూ కుదురుగా కూర్చోలేం. మోర్ లోపలి భారం మీద మంచి అధ్యాయమే పడింది, కానీ అది తలుపు తెరిచి అక్కడే వదిలేసినట్టుంటుంది.

అలాగని మొత్తం పక్కన పెట్టేయాల్సినదీ కాదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ‘సిల్వర్ ఫ్లేమ్స్’ కథ నెస్టాది, దాని మొలక ఇక్కడే ఉంది. మద్యం దుకాణాల్లో తాగుతూ అందరికీ దూరమైన నెస్టాని, ఇంటద్దె డబ్బు ఆశ చూపి ఫేరా పండుగకి రప్పిస్తుంది. క్యాసియన్ తెచ్చిన కానుకని నెస్టా కాదంటే, అతను దాన్ని సిడ్రా నదిలోకి విసిరేస్తాడు. రీసాండ్ దంపతులు బిడ్డ గురించి తీసుకునే నిర్ణయమూ తర్వాత పనికొస్తుంది. ఇంకా రెండు చోట్ల రచయిత్రి పాత సత్తా కనబడుతుంది. యుద్ధంలో భర్తని పోగొట్టుకున్న నేతగత్తె దగ్గర ఫేరా నిలబడిపోయే సన్నివేశం ఒకటి. పాడుబడిన భవంతిలో ఒంటరిగా మిగిలిన ఫేరా మాజీ ప్రియుడు టామ్లిన్‌కి, అతన్ని అసహ్యించుకునే రీసాండే వండిపెట్టడం రెండోది. ఇవి చదివి మిగతాది తిరగేసినా ‘సిల్వర్ ఫ్లేమ్స్’ అర్థం కావడంలో లోటేమీ రాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి. విడిగా కొత్తది కొనడం కన్నా లైబ్రరీలో అడగడం, స్నేహితుల దగ్గర తీసుకోవడం, ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల్లో వెతకడం మేలు. సెట్టుగా తీసుకుంటే మూడు పుస్తకాలదా, ఐదు పుస్తకాలదా అన్నది శీర్షికలు లెక్కపెట్టి మరీ చూడండి. ఐదింటిలో ఒకటి ఈ సన్నదే కాబట్టి, ఐదు లావు నవలలు వస్తాయని ధర బేరీజు వేయకండి. సిరీస్ పేరుతో వెతికితే రంగులు నింపే పుస్తకం కూడా తగులుతుంది, అది కథ కాదు. 2020లో అట్టలన్నీ మార్చారు. పాత బొమ్మల అట్టలున్నవాళ్లు ముఖచిత్రం సరిచూసుకోకపోతే అరలో వరస చెడుతుంది. సగం ధరకి కొత్తది అని ఎవరైనా ఆశ పెడితే లోపలి పేజీల ఫొటో అడగండి. దొంగ అచ్చులో అక్షరాలు మసకగా, అవతలి వైపు సిరా కనబడేలా ఉంటాయి.

చిన్నపిల్లలకి కానుకగా కొనేవాళ్లకి వేరే మాట. 2015లో మొదటి భాగాన్ని టీనేజి పాఠకుల విభాగంలోనే తెచ్చారు, కొత్త అట్టలతో పెద్దల విభాగంలోకి మార్చారు. పాత కాపీ ఇప్పటికీ కొన్ని షాపుల్లో పిల్లల అరలోనే ఉంటుంది. ఈ నవలికలో కూడా పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండానే ఉన్నాయి.