ఈఎస్‌ఐ సిక్ బెనిఫిట్టా, నిరుద్యోగ భత్యమా?

గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు వైపు కుట్టుపనికి వెళ్తూ జబ్బు పడ్డవాళ్లకు వచ్చే సందేహమే ఇది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కింద సిక్ బెనిఫిట్, అంటే జబ్బు రోజులకిచ్చే డబ్బు, తీసుకోవాలా, పని పోయాక అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద భత్యం అడగాలా?

డబ్బు: జబ్బుకైతే రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. పని పోతే 50 శాతం, 90 రోజుల దాకా, అదీ జీవితంలో ఒక్కసారే.

తిప్పలు: జబ్బుకు ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. భత్యానికి ఆన్‌లైన్ క్లెయిమ్, ఆధార్, బ్యాంకు ఖాతా. పేర్లలో తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

రిస్క్: అసలు చిక్కంతా ఇక్కడే. రెండింటికీ 78 రోజుల చందా, అంటే జీతం మీద ఈఎస్‌ఐకి కట్టే డబ్బు, చూస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలల లెక్క. సిక్‌లో ఉన్న రోజులకు జీతం రాదు, చందా పడదు. అలా 78 నిండకపోతే తర్వాత భత్యానికి ఇబ్బందే. అందుకే సెలవు పెట్టే ముందు, ఆ ఆరు నెలల్లో ఎన్ని రోజులు పడ్డాయో ఈఎస్‌ఐ పోర్టల్‌లో చూసుకోవాలి.

ఎవరికి ఏది: జబ్బు ఉండి, పేరు ఇంకా కంపెనీ రోల్స్‌లోనే ఉంటే సిక్ బెనిఫిట్టే మేలు. కోలుకున్నాక కంపెనీయే తీసేస్తే భత్యం. స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెడితే మాత్రం అదీ రాదు, ఎవరెంత బుజ్జగించినా.