థీసిస్‌కి పబ్‌మెడ్, జొటెరో: మూడేళ్లు వాడాక నా రివ్యూ

మెడికల్ పీజీ ఫస్టియర్‌లో సినాప్సిస్ (థీసిస్ ప్లాన్) అప్పుడు మొదలెట్టా, మెడికల్ పేపర్లు వెతకడానికి పబ్‌మెడ్ సైటు, రిఫరెన్సులు దాచుకోడానికి జొటెరో సాఫ్ట్‌వేర్, ఇప్పటిదాకా రెండిటికీ పైసా కట్టలేదు.

గూగుల్‌లో కొడితే ముందు హాస్పిటళ్ల బ్లాగులే వస్తాయి, పబ్‌మెడ్‌లో ఆ గోల లేదు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్లది. హార్ట్ ఎటాక్ అని కొట్టినా మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ (హార్ట్ ఎటాక్‌కి డాక్టర్లు వాడే పేరు) కింద కూడా అదే వెతికేస్తుంది, వెనకాల మెష్ అని వైద్య పదాల జాబితా ఉంటుంది, అది వాడటం వస్తే సగం పని అయిపోయినట్టే. కానీ పబ్‌మెడ్‌లో ఉంది కదా అని మంచి పేపరే అనుకోవద్దు. నేనూ మొదట్లో అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) ఒక్కటే చదివి రిఫరెన్సుగా పెట్టేసేవాణ్ణి, ఒకసారి "సగం మందికి తగ్గింది" అని రాస్తే గైడ్ సార్ "ఎంతమందిలో సగం నాయనా?" అన్నారు, ఫుల్ టెక్స్ట్ తీసి చూస్తే మొత్తం పేషెంట్లే 18 మంది!

జొటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి పీఎంఐడీ (పబ్‌మెడ్‌లో ఒక్కో పేపర్‌కి ఉండే నంబర్) ఇస్తే పేపర్ వివరాలన్నీ వచ్చి కూర్చుంటాయి. వాంకూవర్ స్టైల్ (మెడికల్ జర్నళ్లలో రిఫరెన్సులు రాసే పద్ధతి) పెడితే ఆథర్లు ఆరుగురు దాటగానే ఎట్ ఆల్ (తదితరులు) కూడా అదే వేస్తుంది. నాకు బాగా నచ్చింది మాత్రం ఎర్ర పట్టీ, జర్నల్ వెనక్కి తీసుకున్న (రిట్రాక్టెడ్) పేపర్‌కి జొటెరో వేసేది. జూనియర్ ఒకడు సెమినార్‌కి కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద లాన్సెట్ అనే పెద్ద మెడికల్ జర్నల్ పేపర్ పట్టుకొచ్చాడు, 2020 మే 22న వచ్చి జూన్ 4కల్లా వెనక్కి పోయిందే, సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాది, అదే. "లాన్సెట్ కదన్నా" అంటాడు. నా ల్యాప్‌టాప్‌లో నంబర్ కొట్టగానే రిట్రాక్టెడ్ అని ఎర్రగా వచ్చింది, అప్పుడు చూడాలి వాడి మొహం.

తలనొప్పల్లా మన పేర్లతోనే. మనకి ఇంటిపేరు ముందు, జర్నల్ వాళ్లు తిరగేసి ఎక్కిస్తారు, ఒకే డాక్టరుగారు ఒక పేపర్లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో రావుగా ఉంటారు. రావు అని వెతికితే సగం ఆంధ్రా దిగుతుంది. అవన్నీ ఒరిజినల్ పేపర్ చూసి చేత్తో దిద్దుకోవాల్సిందే.

వర్డ్‌లో రిఫరెన్సు లిస్టు వేసేది జొటెరోనే, అందుకే ఆ దిద్దడం వర్డ్‌లో కాదు, జొటెరోలో చేయాలి. ఇది నాకు సబ్మిషన్ ముందు రాత్రి తెలిసింది, వర్డ్‌లో రెండు గంటలు కూర్చుని లిస్టంతా సరిచేశాక ఎందుకో జొటెరో రిఫ్రెష్ నొక్కా, మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. ఇంకోటి, ఫైళ్లకి జొటెరో ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఇచ్చేది 300 ఎంబీనే, స్కాన్ పీడీఎఫ్‌లుంటే ఇట్టే నిండిపోతుంది. నేను ఫైల్ సింక్ ఆపేసి రిఫరెన్సులే సింక్ చేస్తా, పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో.