దొంగోళ్లు ఖరాబ్ చేసిన స్కూటర్ లాక్: కొత్తది ఏసి మూడేండ్లయింది, నా అనుభవం

బండి 2018 మార్చిల కొన్నది, 110 సీసీ, బీఎస్4 (పాత పొగ రూల్స్ కాలంది), కార్బొరేటర్ మోడల్. ఇది నాకన్నా మా ఇంటామెకే ఎక్కువ అవసరం. ఆమె టీచర్, నల్లగొండల ఉంటం, తిప్పర్తి దిక్కు ఒక ఊరి బడికి రోజు దీని మీదనే పోయొస్తది, పోను రాను 28 కిలోమీటర్లు.

2022 శ్రావణమాసంల దేవరకొండ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్‌కు పెండ్లికి పోయినం. లోపట జాగ లేకపోతే బయట గోడ పక్కకు పెట్టి హ్యాండిల్ లాక్ ఏసి పోయిన. రాత్రి పదిన్నరకు వచ్చి చూస్తే హ్యాండిల్ సక్కగ తిరిగి ఉంది. చాబీ పెడితే లోపటికి పోతలేదు. ఫోన్ లైట్ కొట్టి చూస్తే చాబీ బొక్క వెడల్పయింది, చుట్టూత ప్లాస్టిక్ మీద గీతలు, లోపట ఏదో ఇనుప ముక్క విరిగి ఇరుక్కుంది. ఎవడో గట్టి ఇనుప చాబీ లాంటిది పెట్టి బలం మీద తిప్పిండు, హ్యాండిల్ గుంజి లాక్ నాలుక విరగ్గొట్టిండు, కానీ స్టార్ట్ కాకముందే వదిలేసి పోయిండు. బండి పోలేదు కదా అని చుట్టాలందరు ధైర్యం చెప్పిన్రు గాని మా ఇంటామె అయితే ఇంటికి వచ్చేదాక ఒక్క మాట మాట్లాడలే, తెల్లారి బడికి ఎట్ల పోవాలె అన్నదే ఆమె రంది.

తెల్లారి దగ్గర్ల ఉన్న మెకానిక్ దగ్గరికి నూక్కుంట పోయిన. లాక్ ఎనక కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) పీకి రెండు వైర్లు కలిపి, ముందర పెట్టె కింద ఒక చిన్న స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసి ఇచ్చిండు. నాలుగు రోజులు గట్లనే నడిపినం. ఇది మాత్రం ఎవ్వరు ఒకరోజు కన్న ఎక్కువ ఉంచుకోవద్దు, ఎందుకంటే ఆ స్విచ్ కనవడితే చిన్న పిల్లగాడు కూడ బండి తీస్కపోతడు, పైగా ఆఫ్ చేసుడు మర్చిపోతే బ్యాటరీ దిగిపోతది, మాకు రెండోరోజే దిగింది. బీఎస్6 బండ్లు ఉన్నోళ్లయితే అసలు వైర్లు కోయనియ్యొద్దు, వాటిల ఇంధనం ఇంజెక్టర్ తోని వస్తది, పంపు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపిచ్చే చిన్న కంప్యూటర్) అన్ని చాబీ తిప్పితే కరెంటు వచ్చే ఆ ఇగ్నిషన్ లైన్ మీదనే ఉంటయి.

ఐదోరోజు అదే మెకానిక్ లోకల్ లాక్ ఒకటి ఏసిండు, 420 రూపాయలు. పైసలు తక్కువని నేనే సరే అన్న, ఆ తప్పు నాది. ఆ లాక్ చేతిల పట్టుకుంటేనే తేలికగ ఉంది, మీద మూసుకునే షట్టర్ లేదు, చాబీ సన్నటి రేకు లెక్క ఉంది. సీట్ లాక్ పాతదే కాబట్టి డిక్కీకి ఒక చాబీ, బండికి ఒక చాబీ. నెలన్నర మంచిగనే నడిచింది. తర్వాత బండి ఆన్‌ల ఉండంగనే చాబీ చేతికి ఊడొచ్చుడు మొదలైంది. లాక్ లోపట సన్నటి పలకలు స్ప్రింగుల మీద కూసొని ఉంటయి, చాబీ పండ్లకు అవి సరిగ్గ వరుసకు వస్తేనే తిరగాలె. మెత్తటి లోహం ఉంటే పండ్లు, పలకలు రెండు అరిగి వదులైపోతయి. ఒకనాడు బడిల ఇంకో టీచరమ్మ పొరపాటున తన చాబీ మా బండికి పెడితే ఆన్ అయిందంట. ఇది విన్నంక నాకు నిద్ర పట్టలే.

అసలు భయం అయింది దాని తర్వాత. డిసెంబర్ ఆఖరున, మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు ఎనక ముందు ఉన్నయి, స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి పడంగనే చాబీ దానంతల అదే ఆఫ్‌కు తిరిగి ఇంజన్ బంద్ అయిందట. ఆమె ఎట్లనో పక్కకు తీసి ఆపింది. సాయంత్రం వచ్చి చెప్పినప్పుడు ఆమె చేతులు ఇంక వణుకుతనే ఉన్నయి. 420 రూపాయల లాక్ కోసం మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టయింది. లాక్ అంటే దొంగల కోసమే అనుకుంటం గాని నడిచే బండిని ఆన్‌ల పట్టి ఉంచేది కూడ అదే, ఈ సంగతి నాకు అప్పటిదాక తట్టలే.

2023 జనవరి మొదటి వారంల గడియారం సెంటర్ దిక్కు ఒక స్పేర్ పార్టుల దుకాణంల ఒరిజినల్ లాక్ సెట్ తీసుకున్న. సెట్టుల ఇగ్నిషన్ కమ్ హ్యాండిల్ లాక్, సీట్ లాక్, రెండు చాబీలు, వాటితోని నంబర్ కొట్టిన చిన్న రేకు బిళ్ల వచ్చినయి. 1,180 పడ్డది. ఆ బిళ్లను దయచేసి చాబీల గుత్తికి తగిలియ్యకండి, నంబర్ ఫోటో తీసి పెట్టుకొని బిళ్ల ఇంట్ల దాచిపెట్టున్రి, చాబీ పోతే కొత్తది తెప్పియ్యడానికి అదే ఆధారం.

బిగించిన భాయ్ వేరే మెకానిక్, ప్రకాశం బజార్ దిక్కు చిన్న షెడ్డు, పెద్దమనిషి, ఓపిక మస్తు ఉంది. మజూరీ 350 తీసుకున్నడు, పని రెండు గంటలు పట్టింది, నేను పక్కకే కూసొని చూసిన. ముందర ప్యానెల్ ఊడదీసుడు అల్కగనే అయింది, క్లిప్పులు విరగకుంట నిమ్మళంగ తీయాలె గంతే. లాక్‌ను ఫ్రేముకు పట్టే బోల్టులు ఒరిజినల్‌గ తల తెగిపోయేటివి ఉంటయట, బిగించినంక తల ఊడి గుండ్రంగ మిగుల్తది, పానా పట్టదు, దొంగోడు విప్పొద్దనే గట్ల చేస్తరు. మా బండికి మొదటి మెకానిక్ వాటిని తీసి మామూలు బోల్టులు పెట్టిండని అప్పుడు తెలిసింది. అంటే నాలుగు నెలలు పది నంబర్ పానా ఉన్నోడు ఎవడైనా లాక్‌ను ఊడదీసుకొని పోయేటట్టు తిరిగినం మేము. భాయ్ అట్ల తల తెగే బోల్టులే తెప్పిచ్చి పెట్టిండు, వాటికి వేరే 40 రూపాయలు. మీరు లాక్ మార్పిచ్చినప్పుడు ఈ ఒక్కటి మాత్రం తప్పకుంట అడగున్రి, చెప్పకపోతే చానమంది మామూలు బోల్టే పెట్టేస్తరు, వాళ్లకు పని తొందరగ అయితది.

ఇంకో మాట. హ్యాండిల్ గుంజి లాక్ విరగ్గొట్టినప్పుడు లాక్ నాలుక ఒక్కటే విరగదు, అది పోయి కూసునే గాడి అంచు కూడ పొడుచుకొస్తది. భాయ్ వేలు పెట్టి చూసి ఆకురాయి తోని రాకిండు. అది చేయకపోతే కొత్త లాక్ నాలుక సగం పోయి ఆగుతది, లాక్ పడ్డదనుకుంటం, పడదు. ఎనక కప్లర్ పిన్నులు నల్లగయినయి, వాటిని సాఫ్ చేసిండు, డైరెక్ట్ చేసినకాడ కోసిన వైర్లను అతికిచ్చి టేపు కాకుండ స్లీవ్ ఏసిండు.

ఇప్పటికి దాదాపు మూడేండ్లయితంది, 18 వేల కిలోమీటర్ల పైన తిరిగింది. చాబీ ఒక్కనాడు కూడ నడుస్తుండంగ ఊడలే, ఆఫ్ కాలే. ఆన్ చేస్తే టక్కుమని ఆగే కాడ ఆగుతది. మీద షట్టర్ ఉంది, చాబీ ఎనక భాగంల ఉన్న అయస్కాంతం పెట్టి తిప్పితే గాని బొక్క తెరుచుకోదు. దీని తర్వాత దొంగలెవరు చేయి పెట్టలే, కాబట్టి ఇది దొంగను ఆపుతదని ప్రమాణం చేసి నేను చెప్పలేను. బయట పెట్టినప్పుడు ముందర చక్రానికి గొలుసు తాళం కూడ ఏస్తున్నం.

నచ్చనివి కూడ రాయాలె. సీట్ లాక్ మొదటి సంవత్సరం చాన బిర్రుగ ఉండె, ఆమె వేళ్లు నొచ్చేటివి, సీటు మీద చేయి ఒత్తి తిప్పితేనే తెరుచుకునేది. షట్టర్ ఏమో వడ్ల కల్లాల కాలంల దుమ్ముకు పట్టేస్తది. ఒకసారి నేను ఇంజన్ ఆయిల్ చుక్క ఏసిన, నాలుగు రోజులకు దుమ్మంత దానికి అంటి ఇంక గట్టిపడ్డది. భాయ్ చూసి పెట్రోల్ తోని కడిగి, గ్రాఫైట్ పొడి ఊదిండు, లేకుంటే పెన్సిల్ నుసి అయినా సరిపోతదన్నడు. అప్పటి నుంచి ఆర్నెల్లకోసారి గదే చేస్తున్న, మంచిగుంది. వాటర్ సర్వీసింగ్ చేయిస్తే ముందు షట్టర్ మూసి పెట్టాలె, ఫ్లోరైడ్, ఉప్పు ఉండే మన బోరు నీళ్లు ఎండితే తెల్లటి పొర కడ్తది. చాబీకి ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్ని గుత్తి కట్టుడు కూడ బంద్ చేసినం, గతుకులల్ల ఆ బరువే లాక్‌ను అరగదీస్తది. డూప్లికేట్ చాబీ కోసం బజార్ల అడిగితే పండ్లు కోసి ఇస్తరు గాని షట్టర్ తెరిచే అయస్కాంతం ఉన్న చాబీ అందరి దగ్గర దొరకదు, అడిగి చూసుకోవాలె.

ఇన్సూరెన్స్ సంగతి చానమంది అడుగుతున్నరు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే దీనికి ఏం రాదు. నాది ఫుల్ పాలసీ, దొంగతనంల జరిగిన నష్టం అందుల వస్తది. కానీ లెక్క ఏసుకున్న: నాలుగేండ్లు దాటి ఐదేండ్లు నిండని బండికి లోహం సామాన్ల మీద 35 శాతం, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగు కోస్తరు, పైగా 100 రూపాయలు మనమే పెట్టుకోవాలె, మిగిలేది వెయ్యి చుట్టుపక్కల, దానికోసం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకుంటే ప్రీమియంల ఇచ్చే తగ్గింపు) పోతది. అందుకే క్లెయిమ్ చేయలే. కానీ ఆ రాత్రికి తెల్లారే పోలీస్ స్టేషన్ల రాతపూర్వకంగ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్న, అది మాత్రం మీరు కూడ చేయున్రి. ఎందుకంటే రేపు నిజంగనే బండి పోతే ఇన్సూరెన్సోళ్లు రెండు చాబీలు అడుగుతరు. లాక్ ఎందుకు మార్చినవ్, ఎప్పుడు మార్చినవ్, పాత చాబీలు ఏవి అంటే చూపిచ్చేటట్టు ఉండాలె.

కొత్త రెండో చాబీ, పాత చాబీలు రెండు, విరిగిన లాక్, దుకాణం బిల్లు, స్టేషన్ రసీదు, అన్ని ఒక సంచిల కట్టి బీరువాల పాలసీ కాయితాల పక్కకు పెట్టినం. ఆమె బడికి పోయేది ఒక్క చాబీ తోనే.